రైఫిల్ స్క్రూ మొరాయిస్తే... బలం కన్నా ఓర్పు మేలు
తల అరిగిన స్క్రూను తీసే తీరు ఇదీ.. ఎక్కడ ఆగాలో తెలుసుకోవడమే ముఖ్యం

సికింద్రాబాద్: చిటికెన వేలి గోరంత కూడా లేని స్క్రూ తల అరిగిపోతే వేల రూపాయల విలువైన రైఫిల్ మూలన పడుతుంది. స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే జారుతుంది. ఇంకాస్త గట్టిగా నొక్కి తిప్పితే ఉన్న గాడి కూడా చెరిగిపోతుంది. కోపం వచ్చి సుత్తి, ఉలి అందుకుంటే స్క్రూతో పాటు తుపాకీ బాడీ కూడా దెబ్బతింటుంది. చేతిలో ఉన్నది తలుపు గడియో, సైకిల్ చక్రమో అయితే నష్టం అక్కడితో ఆగుతుంది. ఇది ఆయుధం. పొరపాటు జరిగితే పోయేది ప్రాణం కావచ్చు, లైసెన్సు కావచ్చు, ఆ తుపాకీ మీదే ఆధారపడిన ఉద్యోగం కావచ్చు.

జంటనగరాల్లో ఈ సమస్య ఎక్కువగా ఎదురయ్యేది మాజీ సైనికులకే. తిరుమలగిరి, బొల్లారం, అల్వాల్ ప్రాంతాల్లో స్థిరపడిన మాజీ సైనికులు పలువురు బ్యాంకుల్లో, నగదు తరలించే వాహనాల వద్ద సాయుధ కాపలాదారులుగా పనిచేస్తుంటారు. లైసెన్సుతో కూడిన తుపాకీయే వారి ఉపాధికి ఆధారం. అది పనిచేయకుంటే విధులకు వెళ్లడం కష్టమవుతుంది. అందుకే అరిగిన స్క్రూను ఇంటి వద్దే ఎలాగోలా ఊడబెరకాలనే ఆత్రుత కలుగుతుంది. ఆ ఆత్రుతే అసలు ప్రమాదం.

మరమ్మతు విద్యకు నెలవు

సికిందర్ జా పేరిట 1806లో ఏర్పడిన ఈ కంటోన్మెంటు పట్టణానికి ఆయుధాల మరమ్మతు కొత్త కాదు. సైన్యంలో రైఫిల్ మొదలుకొని యుద్ధ ట్యాంకు వరకు బాగుచేసే బాధ్యత ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్ విభాగానిది. క్లుప్తంగా ఈఎంఈ అని పిలిచే ఈ విభాగం 1943లో ఏర్పడింది. దీని శిక్షణ పాఠశాల 1953లో తిరుమలగిరిలో నెలకొంది. అదే నేటి ఎంసీఈఎంఈ. చిన్న ఆయుధాలను విప్పి, పరీక్షించి, బాగుచేసే సైనిక వృత్తి నిపుణుడిని ఆర్మరర్ అంటారు. రైఫిల్ వాడే జవానుకు దానిని శుభ్రం చేసుకునే మేరకు విప్పడం మాత్రమే నేర్పుతారు. అంతకు మించి ఒక్క స్క్రూ తిప్పాలన్నా ఆర్మరర్ వద్దకు పంపాల్సిందే. వాడేవాడు వేరు, బాగుచేసేవాడు వేరు అన్న ఈ సైనిక నియమాన్ని పౌర జీవితంలోనూ పాటిస్తే సగం ప్రమాదాలు తప్పుతాయి.

తల ఎందుకు అరుగుతుంది?

పాత రైఫిళ్లలో స్క్రూ తల మీద అడ్డంగా ఒకే గాడి ఉంటుంది. ఆ గాడి గోడలు నిటారుగా ఉంటాయి. బజారులో దొరికే మామూలు స్క్రూడ్రైవర్ మొన మాత్రం ఆప్పులా కిందికి పోనుపోను పలచబడుతుంది. దానిని గాడిలో పెడితే పైఅంచుల దగ్గర మాత్రమే ఆనుతుంది, అడుగున ఖాళీగా ఉంటుంది. తిప్పిన బలమంతా ఆ సన్నని అంచుల మీదే పడుతుంది. ఫలితంగా మొన పైకి లేచి జారుతుంది, అంచులు చితికిపోతాయి. తుపాకీ పనివారు వాడే స్క్రూడ్రైవర్ మొన రెండు పక్కలా సమాంతరంగా ఉండి, గాడిని నిండుగా, అడుగు వరకు పట్టి ఉంచుతుంది. వెడల్పులో స్క్రూ తలతో సమానంగా ఉంటుంది. అరిగిన స్క్రూలలో అధిక భాగం ఈ ఒక్క తేడా వల్ల అరిగినవే.

నాలుగు మూలల ప్లస్ గాడి స్క్రూలది మరో తీరు. అమెరికాకు చెందిన హెన్రీ ఫిలిప్స్ 1930లలో పేటెంటు పొంది ప్రచారంలోకి తెచ్చిన ఈ గాడి వాలుగా ఉంటుంది. బలం పెరిగితే స్క్రూడ్రైవర్ దానంతట అదే పైకి తోసుకొస్తుంది. పైనుంచి నొక్కి పట్టకుండా తిప్పితే రెండు మూడు ప్రయత్నాల్లోనే గాడి గుండ్రని గుంటగా మారుతుంది. దూరదర్శిని బిగింపుల్లో కనిపించే ఆరు పలకల అలెన్ స్క్రూలైతే, అంగుళాల కొలతకు మిల్లీమీటర్ల తాళంచెవి వాడటం వల్ల పాడవుతాయి.

దీనికి తుప్పు తోడవుతుంది. వానాకాలపు తేమలో, తోలు సంచిలో నెలల తరబడి ఉంచిన తుపాకీకి మరచుట్ల లోపల తుప్పు పడుతుంది. ఎన్నికల వేళ లైసెన్సుదారులు ఆయుధాలను పోలీస్ స్టేషన్లలో అప్పగించాల్సి రావడం తెలిసిందే. రాష్ట్రంలో 2023 నవంబరు 30న శాసనసభకు, 2024 మే 13న లోక్‌సభకు పోలింగ్ జరిగింది. ఆ మే 13నే సికింద్రాబాద్ కంటోన్మెంటు ఉప ఎన్నిక కూడా జరిగింది. ఇలా వారాల తరబడి నూనె చుక్క లేకుండా ఉండిపోయిన ఆయుధాన్ని తిరిగి తెచ్చుకున్న వెంటనే తుడిచి, నూనె పట్టించకపోతే స్క్రూలు పట్టేస్తాయి. అప్పగించే ముందే పలుచగా నూనె రాసి ఇవ్వడం మేలు.

మొదట తూటా సంగతి

స్క్రూ మీద చేయి వేసే ముందు తుపాకీలో తూటా లేదని నిర్ధారించుకోవాలి. గొట్టాన్ని మనుషులు లేని వైపు ఉంచి, మ్యాగజైన్ తీసేయాలి. బోల్టు వెనక్కి లాగి ఛాంబర్‌ను కంటితో చూడాలి, వేలితో తడిమి చూడాలి. బోల్టును పూర్తిగా బయటికి తీసి పక్కన పెట్టాలి. తూటాలను మరో గదిలో ఉంచాలి. "నిన్ననే ఖాళీ చేశాను" అన్న జ్ఞాపకాన్ని నమ్మరాదు. తుపాకీ చేతులు మారిన ప్రతిసారీ ఈ పరీక్ష తిరిగి చేయాల్సిందే.

మెట్టు మెట్టుగా...

లైసెన్సుదారుడు తన ఆయుధాన్ని శుభ్రం చేసుకోవడంలో భాగంగా చేయదగినవి మూడు మెట్లే.

మొదటిది శుభ్రత. గాడిలో ఏళ్ల తరబడి పేరుకున్న మురికి, ఎండిన గ్రీజు గట్టిపడి ఉంటాయి. గుండుసూదితో, పాత పళ్ల బ్రష్‌తో వాటిని తొలగిస్తే అరిగిందనుకున్న గాడి చాలాసార్లు బాగానే ఉన్నట్లు తేలుతుంది. మొన అడుగు వరకు దిగుతుంది.

రెండోది నూనె. తుప్పు వదిలించే పలుచటి నూనె హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. స్క్రూ తల చుట్టూ ఒకటి రెండు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయాలి. మరునాడు మరో చుక్క వేయవచ్చు. తుపాకీని పడుకోబెట్టి నూనె స్క్రూ వెంటే లోపలికి దిగేలా చూడాలి. కర్ర భాగానికి నూనె తగిలితే కర్ర మెత్తబడి పట్టు కోల్పోతుంది కనుక చుట్టూ గుడ్డ అడ్డం పెట్టాలి. యాసిడ్ వంటివి వేస్తే ఇనుము మీది బ్లూయింగ్ అనే నీలినలుపు పూత పోయి, కొత్త తుప్పుకు దారి ఏర్పడుతుంది.

మూడోది సరైన స్క్రూడ్రైవర్. గాడికి నిండుగా సరిపోయే మొన దొరకనప్పుడు పెద్ద మొనను ఆకురాయితో రాసి, పక్కలు సమాంతరంగా చేసి సరిపెట్టుకోవచ్చు. రైఫిల్‌ను ఒడిలో పెట్టుకుని కాక, మెత్తటి గుడ్డ పరిచిన బల్ల మీద కదలకుండా ఉంచాలి. స్క్రూడ్రైవర్‌ను నిటారుగా నిలిపి, పిడి మీద చిన్న సుత్తితో నాలుగైదు సార్లు మెల్లగా తట్టాలి. ఆ అదురుకు మరచుట్ల మధ్య తుప్పు పగులుతుంది. తర్వాత స్క్రూను ముందు వెంట్రుకవాసి బిగించే వైపు, ఆ తర్వాతే వదులు చేసే వైపు తిప్పాలి. పైనుంచి నొక్కే బలం ఎక్కువగా, తిప్పే బలం తక్కువగా ఉండాలి. గాడిలో చిటికెడు గ్రైండింగ్ పేస్ట్ పెడితే మొనకు పట్టు పెరుగుతుంది. పని ముగిశాక ఆ పేస్ట్ రవ్వ కూడా మిగలకుండా తుడవాలి. లేకుంటే కదిలే భాగాలను అరగదీస్తుంది.

ఈ మూడు మెట్లలో స్క్రూ కదలకపోతే అక్కడితో ఆగాలి. తర్వాతి మెట్టు మరమ్మతు కిందికి వస్తుంది.

గీత దాటితే నేరం

ఆయుధాల చట్టం-1959లోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకుల తయారీ, అమ్మకం, మార్పుచేర్పులు మాత్రమే కాదు, మరమ్మతుకు, పరీక్షించడానికి కూడా ప్రత్యేక లైసెన్సు ఉండాలి. తుపాకీ కలిగి ఉండేందుకు ఇచ్చిన లైసెన్సు దానిని బాగుచేసే అధికారం ఇవ్వదు. ఈ సెక్షన్‌ను ఉల్లంఘించి మరమ్మతు చేసినవారికి 2019 నాటి సవరణ తర్వాత 7 ఏళ్లకు తగ్గకుండా, యావజ్జీవం వరకు శిక్ష పడే వీలుంది.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. బాలానగర్ పారిశ్రామికవాడలో లేతు యంత్రాలకు, చేయి తిరిగిన టర్నర్లకు కొదవ లేదు. కేంద్ర ప్రభుత్వం 1968లో నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉన్నదీ అక్కడే. ఎంతటి మొండి స్క్రూనైనా తీయగల నైపుణ్యం ఆ ప్రాంతానికి ఉంది. అయినా ఆయుధ మరమ్మతు లైసెన్సు లేని వర్క్‌షాపు బల్ల మీద తుపాకీ పెట్టడం ఇద్దరినీ చిక్కుల్లో పడేస్తుంది. తెలిసిన మెకానిక్ కదా అని ఇచ్చినా, ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

మరో అంశం చాలామందికి తెలియదు. తుపాకీ మీద ముద్రించిన నంబరు, తయారీదారు గుర్తులను చెరపడం, మార్చడం 8వ సెక్షన్ ప్రకారం నేరం. గుర్తు చెరిగిన తుపాకీ ఎవరి వద్ద దొరికితే వారే చెరిపారని చట్టం భావిస్తుంది. కాదని నిరూపించుకునే భారం వారిదే. స్క్రూ పక్కనే నంబరు ఉన్నచోట ఆకురాయి జారినా, డ్రిల్లు బిట్టు పక్కకు తప్పినా లైసెన్సు పునరుద్ధరణ నాటి తనిఖీలో సంజాయిషీ చెప్పుకోవాల్సిందే.

అందువల్ల లైసెన్సు ఉన్న ఆయుధ విక్రేత లేదా తుపాకీ మరమ్మతుదారు వద్దకే తీసుకెళ్లాలి. లైసెన్సు పుస్తకం వెంట ఉంచుకోవాలి. తుపాకీని ఖాళీ చేసి సంచిలో పెట్టి తీసుకెళ్లాలి. అప్పగించినప్పుడు తుపాకీ నంబరు, తేదీ రాసిన రసీదు తప్పక తీసుకోవాలి. బ్యాంకు పేరిట లైసెన్సు ఉన్న తుపాకీ అయితే కాపలాదారు సొంత నిర్ణయంతో మరమ్మతుకు ఇవ్వకూడదు. యాజమాన్యానికి రాతపూర్వకంగా తెలియజేయాలి.

మరమ్మతుదారు చేసే పని

అక్కడ ఏం జరుగుతుందో తెలిసి ఉంటే పని సవ్యంగా సాగుతోందో లేదో యజమాని గ్రహించగలడు. నేర్పరి అయిన మరమ్మతుదారు కూడా తక్కువ నష్టం కలిగించే పద్ధతితోనే మొదలుపెడతాడు.

స్క్రూ వదులు కాకుండా ఏదైనా జిగురు మందు పెట్టి ఉంటే నూనె పనిచేయదు, వేడి కావాలి. గట్టి రకం జిగురు సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. ఇందుకు సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద మాత్రమే ఆనిస్తారు. గ్యాసు మంటను తుపాకీ బాడీకి పట్టించడం పెద్ద తప్పు. బోల్టు తాళం పడే చోట ఇనుముకు ఇచ్చిన గట్టిదనం అధిక వేడికి పోతుంది. పేలుడు ఒత్తిడిని తట్టుకోవాల్సింది ఆ భాగమే. స్ప్రింగులు కూడా పదును కోల్పోతాయి. మరమ్మతుదారు గ్యాసు మంట తీస్తే వారించడానికి యజమాని సంకోచించకూడదు.

గాడి పూర్తిగా పోయినప్పుడు సన్నని ఆకురాయితో లేదా పలుచటి రంపపు బ్లేడుతో కొత్త గాడి కోస్తారు. తల పైకి లేచి ఉన్న స్క్రూకే ఇది వీలవుతుంది. లోపలికి దిగి ఉన్న తలకు చేతితో వాడే ఇంపాక్ట్ డ్రైవర్ పనికొస్తుంది. సుత్తి దెబ్బ పడగానే అది నొక్కుతూనే తిప్పుతుంది. అయితే కింద ఆధారం లేకుండా కొడితే కర్ర చీలుతుంది.

తర్వాతిది డ్రిల్లింగ్. తల నడిమధ్యన సెంటర్ పంచ్‌తో గుర్తు పెట్టి, ఎడమవైపు తిరిగే డ్రిల్లు బిట్టును వాడతారు. మామూలు బిట్టు స్క్రూను ఇంకా బిగిస్తుంది. ఎడమ బిట్టు మాత్రం కోస్తూనే వదులు చేసే వైపు లాగుతుంది. చాలాసార్లు రంధ్రం పూర్తికాకముందే స్క్రూ తిరిగి బయటికి వస్తుంది. రాకపోతే తల మాత్రమే తెగేంత వరకు రంధ్రం చేస్తారు. తల పోగానే బిగువు సడలుతుంది. పైభాగాన్ని ఎత్తేశాక మిగిలిన మొండాన్ని పటకారుతో పట్టి తేలిగ్గా తిప్పేయవచ్చు.

చివరి అస్త్రం ఎక్స్‌ట్రాక్టర్. రంధ్రంలో ఎదురు చుట్ల మేకును దించి తిప్పే సాధనమిది. పని తేలికగా కనిపిస్తుంది గానీ, ఆ మేకు బాగా గట్టిది, అంతే పెళుసుది. సన్నని స్క్రూలో అది విరిగిందంటే మామూలు డ్రిల్లు దానిని తొలచలేదు. విద్యుత్ రవ్వలతో లోహాన్ని కొద్దికొద్దిగా కరిగించే స్పార్క్ ఎరోజన్ యంత్రమే గతి. వంద రూపాయల స్క్రూ కోసం వేల రూపాయల ఖర్చు నెత్తిన పడేది ఈ దశలోనే.

పాత రైఫిళ్లలో ఓ మెలిక

దేశంలో లైసెన్సుదారుల వద్ద ఎక్కువగా కనిపించే రైఫిళ్లలో .315 బోర్ ఒకటి. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దీనికి ప్రసిద్ధి. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డు రద్దయి ఏడు కంపెనీలుగా మారాక ఈ ఫ్యాక్టరీ అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా పరిధిలోకి వచ్చింది. .315 నిర్మాణానికి మూలం పాత .303 లీ ఎన్‌ఫీల్డ్ సైనిక రైఫిల్.

లీ ఎన్‌ఫీల్డ్ నంబర్-1 రైఫిల్‌లో బట్టును బాడీకి కలిపే పొడవాటి బోల్టు మొన చదరంగా ఉండి, ముందు కర్ర వెనుక భాగంలోని ఇనుప రేకులో ఇరుక్కుని ఉంటుంది. ముందు కర్రను తీయకుండా ఆ బోల్టును తిప్పితే చదరపు మొన కర్రను నిలువునా చీలుస్తుంది. బోల్టు తుప్పు పట్టిందనుకుని బలం పెంచినకొద్దీ నష్టం పెరుగుతుంది. కాబట్టి ముందు కర్ర మొదట, బట్టు తర్వాత. దాని వారసత్వంతో వచ్చిన .315 రైఫిల్ విప్పేటప్పుడూ ఇదే వరుస పాటించడం క్షేమం. ట్రిగ్గర్ గార్డు ముందు స్క్రూ వెంట ఉండే చిన్న గొట్టం వంటి కాలర్‌ను కూడా పోగొట్టుకోరాదు. అది లేకుండా స్క్రూ బిగిస్తే కర్ర నలిగి గురి తప్పుతుంది.

ఈ పాత రైఫిళ్ల మరచుట్లు బజారు స్క్రూలతో కలవవు. ఇంగ్లండ్‌కు చెందిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో 55 డిగ్రీల కోణంతో మరచుట్లకు ఒక ప్రమాణం ప్రతిపాదించారు. ఆయనే తర్వాతి కాలంలో రైఫిళ్ల మీద కూడా పరిశోధనలు చేశారు. ఎన్‌ఫీల్డ్ కర్మాగారం తన రైఫిళ్లకు సొంత కొలతల మరచుట్లు వాడుకుంది. నేటి మెట్రిక్ స్క్రూల కోణం 60 డిగ్రీలు. రెండు చుట్లు ఎక్కినట్లే ఎక్కి, ఆపై బలవంతంగా తిప్పితే బాడీలోని మరచుట్లనే కోసేస్తుంది. స్క్రూ పోతే మరొకటి దొరుకుతుంది గానీ, బాడీ మరలు పోతే రైఫిల్ పోయినట్లే.

ఎయిర్ రైఫిళ్లదీ అదే దారి

2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదీ గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ విభాగంలో కాంస్యం సాధించాక నగరంలో యువత ఈ క్రీడపై ఆసక్తి పెంచుకుంది. .177 బోర్‌కు, 20 జౌల్స్ శక్తికి లోబడిన ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అవసరం లేదు గానీ జాగ్రత్తల నుంచి మినహాయింపు లేదు. గాలి సిలిండర్ ఉన్న రైఫిల్‌లో ఒత్తిడిని పూర్తిగా వదిలేసిన తర్వాతే స్క్రూ ముట్టుకోవాలి. స్ప్రింగుతో పనిచేసే రకంలో వెనుక భాగం వదులైతే లోపల నొక్కి ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా ఎగిరి ముఖానికి తగిలే ప్రమాదముంది. ఏ స్క్రూ దేనిని పట్టి ఉంచుతోందో తెలియనప్పుడు దానిని తిప్పకపోవడమే మంచిది.

మళ్లీ అరగకుండా...

* తీసిన పాత స్క్రూను తిరిగి బిగించకూడదు. అదే రైఫిల్‌కు చెందిన అసలు స్క్రూను విక్రేత ద్వారా తెప్పించుకోవాలి.
* కొత్త స్క్రూను మొదట వేళ్లతోనే తిప్పాలి. మూడు నాలుగు చుట్లు సాఫీగా ఎక్కాకే స్క్రూడ్రైవర్ పెట్టాలి.
* దూరదర్శిని రింగుల స్క్రూలకు సుమారు 2 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. తయారీదారు ఇచ్చిన అంకె ఉంటే దానినే పాటించాలి.
* జిగురు మందు అవసరమైతే మధ్యరకం ఒక్క చుక్క వాడాలి. గట్టి రకం వాడితే మరోసారి వేడి చేయాల్సి వస్తుంది.
* వానాకాలంలో తుపాకీని తోలు సంచిలో నిల్వ ఉంచరాదు. నూనె గుడ్డతో తుడిచి, గాలి తగిలే పెట్టెలో తాళం వేసి ఉంచాలి.

లాలాగూడ రైల్వే కార్ఖానా ఫిట్టరైనా, సైన్యంలోని ఆర్మరరైనా మొండి స్క్రూ ఎదురైతే మొదట చేసేది ఆగి చూడటమే. స్క్రూ తుప్పు వల్ల పట్టేసిందా, జిగురు వల్లనా, లేక తిప్పే వరుసే తప్పా అన్నది తేల్చుకున్నాకే పనిముట్టు ఎంచుకుంటారు. ఇంట్లో చేయదగిన మూడు మెట్లు దాటినా కదలని స్క్రూను అలాగే వదిలేసి, లైసెన్సు పుస్తకంతో మరమ్మతుదారు వద్దకు వెళ్లినవారికి అయ్యేది ఓ పూట ఆలస్యం, కొద్దిపాటి ఖర్చు. ఆగలేకపోయినవారు కొత్త బాడీకో, కేసుకో సిద్ధపడాల్సి ఉంటుంది.